కళ్ళు కడుక్కునే నీళ్ళు

శుద్ధ విదియ

గుమ్మం దగ్గర డ్యూటీ చేసేవాళ్ళు రోజూ నాలుగు మాటలు రాసిపెట్టాలని రూలు. ఒడ్డున ఉన్న జలమండలి వాళ్ళు ఇవన్నీ చదువుతారట. నిజంగా చదివే మొహాలే అయితే నేను ఎప్పుడో అడిగిన కొత్త కుర్చీ ఈపాటికి వచ్చి ఉండేది. సరే, రాస్తున్నాను. పేరు మంగతాయారు. ఊరు నావలపాడు, అంటే సముద్రం మా పాత ఊరిని మింగేశాక గొలుసులతో కట్టుకున్న పాత ఓడలు, వాటి మీద మా ఇళ్ళు. పని వాన ట్యాంకు ముందున్న చూపుగుమ్మం కాపలా.

ఇవాళ ఒక్కటి తప్ప అన్నీ పచ్చదీపాలే వెలిగాయి. ఇది నాకేమీ నచ్చలేదు.

నీళ్ళకి వచ్చినవాళ్ళు ముందు ఉప్పుగాలికి మండే కళ్ళు కడుక్కోవాలి. లేకపోతే పుసులు, ఉప్పు అడ్డొచ్చి అద్దానికి కన్ను ఆనదు. తర్వాత పలక మీద గడ్డం ఆనించాలి. అద్దం కంట్లోకి చూస్తుంది. లోపలి గొంతు ప్రశ్నలు వేస్తుంది, నిన్న నీ వంతుకు మించి తీసుకున్నావా, ఇంకొకరి నీళ్ళు ముట్టుకున్నావా అని. అబద్ధమాడితే కనుపాప విచ్చుకుని ఎర్రదీపం వెలుగుతుంది, పేరు పుస్తకానికెక్కుతుంది. కనుపాప కదలకపోతే పచ్చదీపం. చెంబెడో గ్లాసెడో నొక్కేసేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు, మా ఊళ్ళో కాస్త ఎక్కువ ఉంటారు. అలాంటిది ఇవాళ వల బాగుచేసే పోలయ్యకి కూడా పచ్చదీపం వచ్చింది. పోలయ్య పెళ్ళినాడు తాళి కడుతూ కూడా ఏదో ఒక అబద్ధం ఆడి ఉంటాడు.

ఎర్రదీపం ఎవరికంటే నా తోడికోడలు బేబీసరోజినికి. అందులో ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. మొన్న కళ్ళు కడుక్కునే సిమెంటు తొట్టి పగిలింది. అర్జీ పెడితే ఏళ్ళు పడుతుందని నేనే స్టోరు వెనక పడి ఉన్న నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చి, బూడిదేసి తోమి, చింతపండు పెట్టి రుద్ది, ఎండలో బోర్లించి, నిన్న కుళాయి బిగించాను. తళతళలాడుతోంది. ఎవరూ మెచ్చుకోలేదు.

శుద్ధ పంచమి

మళ్ళీ అన్నీ పచ్చదీపాలే. సరోజినికి మాత్రం మళ్ళీ ఎరుపు.

ఆవిడ సంగతి చెప్పాలి. నా మరిది రాంబాబు పెళ్ళాం. మా ఇల్లూ వాళ్ళిల్లూ ఒకే ఓడ, మధ్యన రేకు గోడ. మొన్న ఎండల్లో నా బిందెలో నీళ్ళు సగానికి తగ్గాయి. ఓడ మీద ఉన్నది మేమే కాబట్టి, తీసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదని నలుగురిలో అన్నాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నీ చేతి నీళ్ళు ఈ జన్మలో ముట్టనక్కా అని ఒట్టేసుకుంది. అప్పటి నుంచి నేను నింపిన నీళ్ళయితే చేతులు కూడా కడుక్కోదు. గుమ్మానికి వచ్చేటప్పుడు తన సొంత చెంబులో తెచ్చుకుని నాకు కనిపించేలా కళ్ళు కడుక్కుంటుంది. ఆ పంతం చూస్తే ఒళ్ళు మండిపోతుంది.

వాడ పెద్ద ఓలేటి ధనరాజుగారు ఇవాళ నవ్వుకుంటూ వచ్చారు. పౌర్ణమి నాటికి ఊరి పుస్తకంలో ఎర్రదీపం పడ్డ మనిషి ఒక్కరూ మిగలకపోతే, ఆనాడు వచ్చే జలమండలి ఓడ మనకి రెండో ట్యాంకు రాసి వెళుతుందట. ఇన్నాళ్ళూ అది జరగని పని అనుకున్నారట. జనం మారిపోయారు తాయారూ అని మురిసిపోయారు. జనం మారరండీ, జనం తెలివి మీరుతారు అన్నాను. ఆయనకి వినపడలేదో, వినలేదో.

శుద్ధ సప్తమి

కరెంటు దొంగతనం జరుగుతోందని నా అనుమానం. గుమ్మంలో దీపాలు మసకబారాయి. సాయంత్రమైతే మెట్లు కనపడటం లేదు. అందరూ అదే మాట. చవితి నాడే వెలుగు తగ్గిందని బియ్యం ఏరేవాళ్ళు గొణిగారట. కరెంటు చూసే అన్నవరాన్ని నిలదీశాను. ఎవరికి అమ్ముకుంటున్నావు అని అడిగాను. వాడు నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్ళి మీటరు చూపించాడు. ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ముల్లుని కూడా వాడే వంచి ఉంటాడని మొదట అనుకున్నాను గానీ, వాడి మొహంలో కోపం చూశాక కాస్త తగ్గాను.

పైగా మా అత్త నూకరత్నం ఒకత్తె. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించింది. ఏళ్ళ తరబడి ఆ సూది పట్టుకుని నా ప్రాణం తీసిన మనిషి ఇవాళ నాకే దారం ఎక్కించిపెట్టింది. ఊళ్ళో ముసలాళ్ళందరికీ దగ్గరి చూపు బాగుపడిందట. గంగమ్మ తల్లి దయ అంటున్నారు. ఆ తల్లి ఒక పక్క చూపు ఇస్తూ ఇంకో పక్క దీపాలు ఎందుకు తగ్గిస్తుందో ఎవరూ అడగరు. జనమంతా ముక్కు చీదుతున్నారు, కనుబొమల దగ్గర తలనొప్పి అంటున్నారు. నాకూ ఉంది.

ఏదో జరుగుతోంది. ఎవరో చేస్తున్నారు.

శుద్ధ నవమి

ఎవరో కాదు. సరోజినే.

నా లెక్క ఇది. ఊరంతా జలుబు, ఆవిడకి లేదు. ఊరంతా దీపాలు మసక అంటుంటే, నాకు బాగానే కనపడుతున్నాయత్తా అని మా అత్తతో అందట. ఊరంతా పచ్చదీపం, ఆవిడకి ఎర్రదీపం. ఊళ్ళో అందరికీ ఏదో పెట్టి తను మాత్రం తినని మనిషిని ఏమంటారు? ధనరాజుగారికి చెప్పాను. ఆయన తల పంకించి, కారణం ఏదైతేనేం, ఆ ఒక్క ఎర్రదీపం ఇక వెలగకూడదు అన్నారు. చతుర్దశి నాడు ఆవిడని ఎర్రతెప్ప మీదకి పంపుతారట. అప్పుడు పుస్తకంలోంచి ఆవిడ పేరు కొట్టేస్తారు, ఊరంతా పచ్చగా ఉంటుంది.

తెప్ప అంటే దూరంగా లంగరేసిన పీపాల తెప్ప. వారానికి ఒక్క బిందె. నీడ లేదు. పోయినేడు ఇద్దరు వెళ్ళారు, ఒక్కరే తిరిగొచ్చారు.

నా మరిది రాంబాబు రేకు గోడ అవతల ఏడుస్తున్నాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కలగనందుకు నా మీద నాకే అనుమానం వచ్చింది.

శుద్ధ ఏకాదశి

డాక్టర్ గౌసియా దగ్గరికి వెళ్ళాను. వెళ్ళింది ఆవిడని అనుమానించే. జలుబుకని అందరికీ బిళ్ళలు ఇచ్చేది ఆవిడే కదా. ఏం బిళ్ళలు ఇస్తున్నారో చూపించండి అన్నాను. ఆవిడ నవ్వి, బిళ్ళలు ఇచ్చింది జలుబు వచ్చాక కదా మంగతాయారూ, ముందు కాదు కదా అన్నారు. అదీ నిజమే. అప్పుడు నా మనసులో ఉన్నదంతా కక్కేశాను, మీటరు ముల్లు, మా అత్త సూది, పోలయ్య పచ్చదీపం, అన్నీ. సూది మాట వినగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

కిటికీ మూసి, నా కంట్లోకి టార్చి వేశారు, తీశారు, మళ్ళీ వేశారు. తర్వాత అద్దం ముందు తన కళ్ళు తనే చూసుకున్నారు. నన్నూ చూడమన్నారు. ఇద్దరివీ ఆవగింజంత కనుపాపలు. చీకట్లో విచ్చుకోవాలి, వెలుగులో ముడుచుకోవాలి. మావి దేనికీ కదలడం లేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. నరం చివర ఒక రసాయనం ఊరుతుందట. అసిటైల్‌కోలిన్ అంటారు. అది తగిలితేనే కండ ముడుచుకుంటుంది, నోట్లో లాలాజలం ఊరుతుంది, ముక్కు కారుతుంది. కనుపాపని చిన్నది చేసే కండ కూడా దాని మాటే వింటుంది. పని అయిపోగానే దాన్ని ఊడ్చేయడానికి ఒక ఎంజైమ్ ఉంటుందట. ఊడ్చేది ఆగిపోతే ఆ రసాయనం అక్కడే పేరుకుపోతుంది, కండ ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోతుంది. చిన్న కంతలోంచి చూస్తే దగ్గరి వస్తువులు స్పష్టంగా ఉంటాయి, అందుకే ముసలాళ్ళ సూదులు. వెలుగు తక్కువ పోతుంది, అందుకే దీపాలు మసక.

భయపడితే మాత్రం ఇంకో రకం నరాలు, ఇంకో రసాయనం. అది కనుపాపని విప్పుతుంది. చూపుగుమ్మం చూసేది ఆ విప్పుకోవడాన్ని. ఇంత గట్టిగా ముడుచుకుపోయిన కన్ను ఎంత భయపడ్డా విప్పుకోలేదు అన్నారు ఆవిడ.

అంటే పోలయ్య మారలేదు. ఆ మాట విన్నాక నాకు మొదట కలిగింది ఊరట. సిగ్గు కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఆవిడ నా కుడి కంట్లో అట్రోపిన్ అని ఒక్క చుక్క వేశారు. అది ఆ రసాయనాన్ని కండ దగ్గరికి పోనివ్వదట. కాసేపటికి కుడి కంటికి గదంతా తెల్లగా, కళ్ళు చెదిరేటంతగా వెలిగింది. ఎడమ కంటికి అదే గది సాయంత్రంలా ఉంది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూశాను. అన్నవరం దీపాలు ఏమీ తగ్గించలేదు.

ఊడ్చే ఆ ఎంజైమ్‌ని పట్టేసే మందు ఊళ్ళో ఎక్కడుంది అని డాక్టర్ నన్నే అడిగారు. ఎండుచేపల పందిళ్ళకి ఈగలు రాకుండా కొట్టే మందు అలాంటిదేనట, ఈగ చచ్చేదీ అందుకేనట. అది తిండిలో కలిస్తే అందరూ ఈపాటికి వాంతులు చేసుకుంటూ మంచాల మీద ఉండేవాళ్ళు, కంటికే తగిలినట్టుంది అన్నారు. ఊరంతా కంటికి పెట్టుకునేదీ, సరోజిని పెట్టుకోనిదీ ఏమిటి అన్నారు.

నేను లేచి గుమ్మం దగ్గరికి నడిచాను. డ్రమ్ము పక్కకి వంచి అడుగు చూశాను. చిరిగిన కాగితం ఇంకా కొంచెం అంటుకుని ఉంది. ఈగ బొమ్మ సగం కనపడుతోంది. ఎంత తోమినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదట, వెనకే వచ్చిన డాక్టర్ చెప్పారు. రోజూ కొంచెం కొంచెం నీళ్ళలోకి వదులుతూనే ఉంటుందట.

ఊరందరికీ పెట్టిన మనిషిని నేనే. ఒట్టేసుకుని నా నీళ్ళు ముట్టని ఒక్క మనిషి కళ్ళు మాత్రం బాగున్నాయి.

శుద్ధ త్రయోదశి

డ్రమ్ముకి మూత బిగించి డాక్టరుగారి గదిలో పెట్టాం. కళ్ళు కడగడానికి పాత కుండ పెట్టాను. కనుపాపలు మామూలు కావడానికి ఇంకా రోజులు పడుతుందట.

నిన్న మేమిద్దరం ధనరాజుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాం. ఆయన చెడ్డమనిషి కాదు, ఆయన మనవరాలు పోయిన వేసవిలో నీళ్ళు చాలక జ్వరం ముదిరి పోయింది. రెండో ట్యాంకు ఆయనకి అంకె కాదు. అది తెలుసు కాబట్టే ఆయన మాట నన్ను మరీ భయపెట్టింది.

"ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు కదా," అన్నారు. "పౌర్ణమి దాటనియ్యండి. ట్యాంకు రాయించుకున్నాక ఆ అమ్మాయిని నేనే తెప్ప మీంచి దింపుతాను."

"ఎండకి ఆగుద్దాండి ఆ పిల్ల?" అన్నాను.

"నాలుగు రోజులే తాయారూ."

డాక్టర్ ఒప్పుకోనన్నారు. ఆయన నన్ను చూశారు. డ్రమ్ము సంగతి బయటపడితే తెప్ప ఎక్కేది ఎవరో ఆలోచించుకో అన్నారు. గొంతు పెంచలేదు. ఆలోచించుకోవడానికి ఇంటికి వచ్చాను.

రేకు గోడ అవతల సరోజిని మూట కట్టుకుంటోంది. బిందె చప్పుడు వినపడింది. రేపు నేను నోరు మూసుకుంటే చాలు, డాక్టర్ ఒక్కరి మాట ఊరు నమ్మదు. ఊరికి ట్యాంకు వస్తుంది, నా ఉద్యోగం నాకుంటుంది, నా తోడికోడలి మీద నేనన్న మాట నిజమైపోతుంది. ఇంత సులువుగా దొరికేదాన్ని నేను ఎప్పుడూ నమ్మలేదు.

శుద్ధ చతుర్దశి

తెప్ప ఎక్కించే ముందు ఊరంతా గుమ్మం దగ్గర చేరాలని మా ఆనవాయితీ. శిక్ష పడ్డవాళ్ళ కంటే ముందు ఎవరైనా వచ్చి వాళ్ళ తరఫున గడ్డం ఆనించి మాట్లాడొచ్చు. ఎవరూ రారు. గుమ్మం అబద్ధం చెప్పదని అందరికీ నమ్మకం కదా.

ఇవాళ మా అత్త వచ్చింది. పొద్దున్నే నేను ఆవిడకి నేర్పి పెట్టాను. నేర్పాల్సిన పని కూడా లేదు, నాటకమంటే ఆవిడకి ప్రాణం. పలక మీద గడ్డం ఆనించి, నా వయసు పదహారు అంది. పచ్చదీపం. నాకింకా పెళ్ళి కాలేదు అంది. పచ్చదీపం. జనం నవ్వారు. నేను పోలయ్యని పిలిచాను. వాడు బెదురుతూ వచ్చి, నేను పుట్టి బుద్ధెరిగి చుక్క నీళ్ళు దొంగతనం చేయలేదు అన్నాడు. పచ్చదీపం వెలిగింది. ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

అప్పుడు చెప్పాను. డ్రమ్ము నాది, తెచ్చింది నేను, దాని అడుగున ఈగ బొమ్మ ఉన్నా పట్టించుకోకుండా మీ అందరి కళ్ళూ అందులో కడిగించింది నేను అని. డాక్టర్ మిగతాది చెప్పారు. ఎవరో చెప్పు విసిరారు, భుజానికి తగిలింది. తగలాల్సిందే.

ధనరాజుగారు అందరినీ తప్పించుకుంటూ ముందుకొచ్చారు. గొడవ ఆపడానికి ఆయనే పలక మీద గడ్డం ఆనించారు. "ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది," అన్నారు. పచ్చదీపం వెలిగింది.

ఆయన ఆ దీపం వంక చూస్తూ అలాగే ఉండిపోయారు. తర్వాత లేచి, కండువాతో మొహం తుడుచుకుని, మొన్ననే తెలుసు అని జనానికి తనే చెప్పారు.

చివరికి సరోజిని వచ్చింది. చెంబులో తన నీళ్ళతో కళ్ళు కడుక్కుంది. అందరిలోకీ మంచి కన్ను ఆవిడదే. గొంతు అడగకముందే నేను అడిగాను.

"నా బిందెలో నీళ్ళు తీశావా?"

"లేదక్కా."

ఎర్రదీపం. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నాలో కూడా ఏదో పాతది తల ఎత్తింది. దాన్ని నొక్కిపెట్టి, మరి ఎందుకే ఎరుపు అని అడిగాను.

ఆవిడ గడ్డం తీయలేదు. అద్దంలోకే చూస్తూ చెప్పింది.

"రోజూ నువ్వు అక్కడే నిలబడి ఉంటావు కదక్కా. నిన్ను చూత్తేనే నాకు దడ. పెళ్ళై వచ్చిన కాడ్నించి అంతే."

దీపం ఇంకా ఎర్రగానే ఉంది. అబద్ధమాడేవాడే భయపడతాడని ఈ గుమ్మం కట్టినవాళ్ళు అనుకున్నారు అని డాక్టర్ నా పక్కన మెల్లగా అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చెప్పుదెబ్బ తగిలిన భుజం కంటే ఆ పిల్ల మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఏడ్చాను, నలుగురిలోనే.

తెప్పకి ఎవరినీ పంపలేదు.

పౌర్ణమి

జలమండలి ఓడ వచ్చింది. ధనరాజుగారు జరిగింది జరిగినట్టు చెప్పారు. రెండో ట్యాంకు రాయలేదు. పై వర్షాలకి చూద్దాం అన్నారు. ఊళ్ళో సగంమంది నాతో మాట్లాడటం లేదు. న్యాయమే. చూపులు తేరుకునేదాకా గుమ్మం డ్యూటీ నాదే, ఎర్రదీపానికి శిక్ష మాత్రం లేదు. ఆ తర్వాత నేను ట్యాంకు అడుగు నాచు గీకే పనికి వెళ్ళాలని తీర్మానించారు. కుర్చీ సంగతి ఇక అడగను.

మా అత్త కళ్ళు అందరికంటే ముందు తేరుకుంటున్నాయేమో, మళ్ళీ సూది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దారం ఎక్కించి ఇచ్చాను, విసుక్కోకుండా.

బహుళ తదియ

నా బిందె చూశాను. ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదో నాకే తెలియదు. అడుగున సన్నటి చిల్లు ఉంది. వేలు పెడితే తడి తగిలింది. తీసుకెళ్ళి రేకు గోడ మీదుగా సరోజినికి చూపించాను. ఆవిడ వేలు పెట్టి చూసి, మాటు వేయించుకో అక్కా అంది. అంతే. లోపలికి రమ్మనలేదు. నా చేతి నీళ్ళు ముట్టుకుంటానని కూడా అనలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ పొద్దున ఆవిడ చెంబు పట్టుకుని గుమ్మానికి వస్తోంది. దూరం నుంచే నన్ను చూసి నడక తగ్గించింది. ఇదివరకు అయితే ఆ తగ్గడాన్ని నేరం కింద రాసుకునేదాన్ని. లేచి, గుమ్మం వెనక్కి, ట్యాంకు చాటుకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడి నుంచి ఆవిడకి నేను కనపడను, దీపం మాత్రం నాకు కనపడుతుంది.

లోపలి గొంతు ప్రశ్న వేయడం వినపడింది. సరోజిని జవాబు వినపడింది. చుక్క మందు వేసిన నా కుడి కన్ను ఇంకా వెలుగుకి ఆగడం లేదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను.

పచ్చదీపం వెలిగింది.